ఒక్క గుంజుకు ఊడే ముడి

ముప్పై నాలుగేళ్లు పశువుల డాక్టరుగా పనిచేశాను. ఈ కాలంలో నన్ను తన్నని జాతి పశువు లేదు. ఇచ్చోడలో ఒక గాడిద మాత్రం కాలెత్తి, నా వంక చూసి, మళ్లీ దించేసింది. అది గౌరవమో, జాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కొత్తగా పోస్టింగు అందుకున్న పిల్లలు అప్పుడప్పుడు కరీంనగర్‌లో మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, "సార్, ఫీల్డులో ఏది ముఖ్యం?" అని అడుగుతారు. ప్రమోషన్ల సంగతి నేను చెప్పను. రెండు వచ్చాయి, రెండుసార్లూ ఆఫీసు మారింది గాని కుంటి కుర్చీ నా వెంటే వచ్చింది. రిజిస్టర్ల సంగతీ చెప్పను, అవి ఎవరూ చెప్పకుండానే మెడకు పడతాయి. నేను చెప్పేది ముడి గురించి. పశువును గుంజకు కట్టే తాడు ముడి. "ఈ సారుకు వయసు మీద పడ్డది" అన్నట్టు వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వాళ్లను తప్పు పట్టను. ముడి వేయడంలో నేర్చుకునేదేముందని ముప్పై ఏళ్ల సర్వీసు దాకా నేనూ అనుకున్నాను.

నది నడుమ ఊరు

రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు నన్ను శ్రీరాంపూర్ నుంచి గోదావరి ఒడ్డున ఒక మండలానికి బదిలీ చేశారు. శ్రీరాంపూర్ బొగ్గు గనుల ప్రాంతం. అక్కడ బర్రెకు మసి అంటినా యజమానికి తప్ప మరొకరికి తెలియదు. ప్రశాంతమైన చోటు. కొత్త మండలంలో నా పరిధిలోకి నడికుర్రు అనే ఊరు వచ్చింది. కుర్రు అంటే ఏటి నడుమ దిబ్బ. గోదావరి అక్కడ రెండు పాయలుగా చీలి, నూట ఇరవై ఇళ్లను, ఒక బడిని, ఒక నీళ్ల ట్యాంకును, మూడు వందల పశువులను మధ్యలో వదిలేసి, దిగువన మళ్లీ కలుస్తుంది. దక్షిణాన పాత కరీంనగర్ జిల్లా ఒడ్డు, ఉత్తరాన పాత ఆదిలాబాద్ జిల్లా ఒడ్డు. ఓట్లప్పుడు ఆ ఊరు మాదేనని రెండు ఒడ్లూ అంటాయి. వరదప్పుడు మీదేనని రెండు ఒడ్లూ మర్యాదగా ఒప్పుకుంటాయి.

ఎండాకాలం ఉత్తరపు పాయలో మోకాలి లోతు నీళ్లే. ట్రాక్టరు కూడా దాటుతుంది. మిర్గం వచ్చిందంటే, అంటే మృగశిర కార్తె మొదలైందంటే, ఊరికి పడవ ఒక్కటే దారి. బియ్యమూ పడవలోనే, పెళ్లికొడుకూ పడవలోనే. సెల్‌ఫోన్ సిగ్నల్ నీళ్ల ట్యాంకు మెట్ల మీద ఏడో మెట్టు నుంచి దొరుకుతుంది. ఆరో మెట్టు మీద దొరకదు. అందుకే వానాకాలం సగం ఊరు ఆ మెట్ల మీదే ఉంటుంది. పై మెట్ల మీద వాతావరణం వార్తలు వినేవాళ్లు, కింది మెట్ల మీద ఆ వార్తలకు కొంత కలిపి చెప్పేవాళ్లు.

సముద్రం మాకు చాలా దూరం. అయినా బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితే నడికుర్రులో చంటిపిల్లకు కూడా తెలుస్తుంది. వాన పైన ఎక్కడో కురుస్తుంది, అక్కడ డ్యాము గేట్లు లేస్తాయి, ఇక్కడ ఆకాశం తెల్లగా ఉండగానే గంగ వస్తుంది. గోదావరిని మావాళ్లు గంగ అనే అంటారు. గంగ పొంగింది, ముంచింది అనరు. వచ్చింది అంటారు, చుట్టం వచ్చినట్టు.

నా అటెండరు పేరు దానియేలు. నాకన్నా రెండేళ్లు పెద్ద. ఆదివారం మెథడిస్టు చర్చిలో పాటలు పాడే గొంతు. సూది వేసేటప్పుడు అదే గొంతుతో బర్రె చెవిలో ఏదో గొణిగితే బర్రె కదిలేది కాదు. నేను గొణిగితే తన్నేది. మందుల పేర్లు నాకు తెలుసు, మనుషుల పేర్లూ పశువుల పేర్లూ అతనికి తెలుసు. ఆసుపత్రి అట్లా నడిచేది.

జూన్‌లో నడికుర్రుకు మొదటిసారి వెళ్లినప్పుడు దానియేలు నన్ను రాజవ్వ కొట్టానికి తీసుకుపోయాడు. రాజవ్వకు డెబ్బై దాటాయి. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఉన్నది ఒక్క బర్రె, దాని పేరు దొర్సాని. పేరుకు తగ్గ బర్రె. ఊరి మంద మేతకు పోయినా, నీళ్లకు పోయినా అది ముందు నడవాలి. దాన్ని దాటి పోయిన పశువు నడికుర్రులో పుట్టలేదు. దాని పాలతోనే రాజవ్వ పొయ్యి వెలుగుతుంది. అప్పటికి అది ఎనిమిదో నెల సూడి మీద ఉండి, పాలు ఆపేసి, ఇంకా గంభీరంగా తయారైంది.

పరీక్ష చేద్దామని దాని మెడతాడు పట్టుకుని లాగాను. ముడి ఊడి తాడు చేతిలోకి వచ్చింది. దొర్సాని నన్ను ఒకసారి చూసి, పక్కనుంచి బయటికి నడిచిపోయింది.

"ఇదేం ముడి అవ్వా? ఇట్ల గుంజితే అట్ల ఊడింది!"

"మిర్గం ముడి, సారూ. దసరా దాక గిదే."

"గిట్లయితే పశువు కొట్టంల ఉంటదా?"

"గంగ వచ్చిన్నాడు ఉండొద్దనే గద గట్ల కట్టేది."

మిర్గం నాడు నడికుర్రులో ప్రతి కొట్టంలోనూ గట్టి ముడులు విప్పి జారుముడులు వేస్తారు. కొస పట్టి ఒక్కసారి గుంజితే చాలు. చీకట్లో, నడుము లోతు నీళ్లలో, ఆరేళ్ల పిల్ల గుంజినా ఊడాలి. అది ఆ ఊరి లెక్క. రాజవ్వ ఇదంతా నాకు చెప్పింది. నేను విన్నాను. విని నవ్వాను.

ఆకుపచ్చ తాళ్లు

జూలైలో మొదటి అల్పపీడనం. పైనుంచి ఆదేశం వచ్చింది: పశువులను ఎత్తైన చోటికి చేర్చి భద్రంగా కట్టించాలి. దాంతోపాటు ఒక మూట కొత్త నైలాన్ తాళ్లు వచ్చాయి, ఆకుపచ్చవి, చూడముచ్చటైనవి. మా పెద్దసారు ఫోన్ చేసి, "భద్రంగా అనే మాట గుర్తుపెట్టుకోండి" అన్నాడు. ఆయన ప్రతి ఫోన్‌కూ ఒక మాట గుర్తుపెట్టుకోమనేవాడు. అప్పటికి నా దగ్గర అట్లాంటి మాటలు చాలా పోగయ్యాయి.

ఊళ్లో ఎత్తైన చోటు బడి. సూడివి, ముసలివి, కుంటివి కలిపి నలభై ఒక్క పశువులను బడి ఆవరణలో కట్టించాను. సాయంత్రంలోపే పదకొండు ఊడిపోయి పక్కనున్న పసుపు చేను తొక్కాయి. చేను సర్పంచ్‌ది. ఆయన వచ్చి తన అభిప్రాయం చెప్పాడు. ఆ అభిప్రాయంలో మా పూర్వీకుల ప్రస్తావన కూడా ఉంది. దాంతో నాకు పౌరుషం వచ్చింది. మిర్గం ముడులన్నీ తీసేయించి, ఆకుపచ్చ తాళ్లతో ఒక్కొక్క పశువుకు నా చేత్తో నేనే, ఎవరూ ఊడదీయలేని గట్టి ముడి వేసుకుంటూ పోయాను. దానియేలు వెనకే నడిచాడు.

"సార్, గీళ్ల ముడి వేరే ఉంటది."

"గీళ్ల ముడి పసుపు చేన్ల మేస్తున్నది, దానియేలన్నా."

దానియేలు ఏదీ రెండోసారి చెప్పడు. అట్లాంటి మనిషి పక్కన ఉన్నప్పుడు మొదటిసారే వినాలి.

మర్నాడు పొద్దున పది గంటలకు గంగ వచ్చింది. బడి గేటు దగ్గర ఉందని ఎవరో అరిచేసరికి మెట్ల మీద ఉంది, నేను వరండాలోకి వచ్చేసరికి నా చెప్పుల్లో ఉంది. పశువులు బెదిరి వెనక్కి గుంజుకున్నాయి. నైలాన్ తాడు తడిస్తే బిగుస్తుంది, గుంజితే ఇంకా బిగుస్తుంది. మొదటి ముడిని వేళ్లతో, రెండోదాన్ని పళ్లతో పట్టాను. రెండూ నన్ను లెక్కచేయలేదు. ఊరంతా పరుగెత్తుకొచ్చింది. కొడవళ్లు ఇంటింటికీ ఉన్నాయి, కానీ ఇళ్లలో ఉన్నాయి. ఆవరణలో ఉన్నవి రెండే. నలభై ఒక్క తాళ్లకు రెండు కొడవళ్లు.

నలభై కోశాం. నలభై ఒకటోది పడవ నడిపే మల్లేష్ కోడె. పల్లంగా ఉన్న మూలన కట్టి ఉంది. మల్లేష్ ఈదుకుంటూ దాన్ని చేరేసరికి ముడి నీటి అడుగున ఉంది, కొడవళ్లు రెండూ అవతలి గోడ దగ్గర ఉన్నాయి, ఒకటి దానియేలు చేతిలో.

గంగ మధ్యాహ్నానికి తీసేసింది. వచ్చినంత తొందరగానే పోయింది. నా ఫారంలో 'మరణానికి కారణం' అని ఒక గడి ఉంటుంది. 'వరద నీట మునిగి' అని రాశాను. అబద్ధం కాదు. కానీ కోడెకు ఈత వచ్చు. దాన్ని ఈదనివ్వనిది నా ముడి. ఆ గడిలో అంత రాయడానికి చోటు లేదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను.

దొర్సాని బతికింది. మెడ చుట్టూ తాడు కోసుకుని చేతి వెడల్పు పుండు పడింది. దానికి మందు రాయడానికి రోజూ పడవెక్కాను. దాటించేది మల్లేషే. పోయేటప్పుడు మాట లేదు, వచ్చేటప్పుడు మాట లేదు. ఏడో రోజు ఇక ఉండబట్టలేక చెప్పాను.

"మల్లేష్, నీ కోడె వరదకు పోలే. నా ముడికి పోయింది."

అతను తెడ్డు ఆపలేదు. "గది ఊరందరికి ఎర్కే, సారూ. నీకెప్పుడు ఎర్కయితదా అని చూస్తున్న."

ఆ తర్వాత మాట్లాడటం మొదలుపెట్టాడు. పొగడ్తలు కావు గాని, మాటలే.

ఏడో మెట్టు

ఆగస్టులో రెండో అల్పపీడనం. దాని వెనకాలే మూడోది తయారవుతోందని ట్యాంకు మెట్ల మీద వార్త. ఈసారి నీళ్లు మొదటిదానికి రెండింతలు వస్తాయని, మధ్యాహ్నం మూడులోగా ఊరు ఖాళీ కావాలని పొద్దున్నే చెప్పేశారు. దక్షిణపు ఒడ్డు నుంచి మరపడవలు వచ్చాయి. నారింజ రంగు జాకెట్లు వచ్చాయి. వాటిలో ఎక్కడానికి మనుషులు మాత్రం ఎవరూ రాలేదు. పడవల్లో పశువులకు చోటు లేదు మరి. పశువులను వదిలి ఎవరూ కదలరు.

రెవెన్యూ అధికారి ఒకాయన మైకు పట్టుకుని అరిచి అరిచి, చివరికి నా దగ్గరికి వచ్చాడు. "డాక్టర్‌గారూ, మీ పేషెంట్ల వల్ల వీళ్లు కదలట్లేదు. ఏదో ఒకటి చేయండి."

చేయగలిగింది ఒక్కటే ఉంది, అదీ నాకు తోచింది కాదు. ఊరి పెద్దలు చెప్పారు. ముడులన్నీ ఊడదీసి మందను ఉత్తరపు పాయలో దింపాలి. గంగకు ఎదురు పోకుండా ఏటవాలుగా ఈదిస్తే కిలోమీటరు దిగువన ఆదిలాబాద్ ఒడ్డున రేవు తగులుతుంది. వాళ్ల తాతలు అట్లానే దాటించేవాళ్లట. ఒక్కటే చిక్కు. మంద దొర్సాని వెనకాలే దిగుతుంది. మల్లేష్ వేరే బర్రెను ముందు తోలి చూశాడు. అది మోకాళ్ల దాకా దిగి, వెనక్కి తిరిగి, దొర్సాని లేదని చూసుకుని, ఎక్కి వచ్చేసింది.

దొర్సానికి నెలలు దాదాపు నిండాయి. మెడ మీద నా పుండు ఇంకా మానలేదు.

పెద్దసారుకు చెబుదామని ట్యాంకు ఎక్కాను. ఏడో మెట్టు మీద నిలబడి విషయం చెప్పాను.

"నదిలో తోలిస్తారా? మతి ఉందా? ఒక్కటి పోయినా బాధ్యత మీదే. పశువులను బడి వరండాలో భద్రంగా..."

నేను ఒక మెట్టు దిగాను. ఆరో మెట్టు మీద సిగ్నల్ ఉండదని చెప్పాను కదా. ముప్పై ఏళ్ల సర్వీసులో పైఅధికారి ఆదేశాన్ని ధిక్కరించింది అదొక్కసారే, అదీ ఒక్క మెట్టు దూరం.

రాజవ్వ కొట్టంలో మంచం వేసుకుని దొర్సాని పక్కనే కూర్చుని ఉంది. గడప దగ్గర సగం ఊరు నిలబడి ఉంది. బర్రెను దింపమని ఆమెను ఎవరూ అడగడం లేదు. ఆ బర్రె పోతే రాజవ్వకు మిగిలేది ఆ మంచమే. అది అందరికీ తెలుసు.

"సారూ, గిట్ల రా," అంది. "దీన్ని గంగల దించుమంటరు గీళ్లు. నోరు తెరిచి అంటలేరు, మొకాలు అంటున్నయి. కడుపుల పిల్ల నిండింది. ఈదుతదా, ఈదదా? కడుపు నిలుస్తదా? సదువుకున్నోనివి, నువ్వు చెప్పు."

ముప్పై ఏళ్లలో రైతు అడిగిన ఏ ప్రశ్నకూ నేను జవాబు లేకుండా వచ్చింది లేదు. తెలిస్తే తెలుగులో చెప్పేవాణ్ణి, తెలియకపోతే ఇంగ్లీషులో చెప్పేవాణ్ణి. ఆ రోజు ఇంగ్లీషు రాలేదు.

"తెల్వదు, అవ్వా."

"ఏందీ?"

"నాకు తెల్వదు. ఈదొచ్చు. కడుపు పోవచ్చు. బర్రె కూడ పోవచ్చు. ఈడనే కట్టేస్తె మాత్రం పోతది, గదొక్కటే తెలుసు."

రాజవ్వ మంచం మీదనుంచి కాళ్లు కిందికి దించింది.

"గిన్ని దినాలకు ఒక్క నిజం చెప్పినవ్, కొడుకా," అని లేచి, ముడి కొస నా చేతిలో పెట్టింది. "గుంజు."

గుంజాను. ఒక్క గుంజుకు ఊడింది.

అటు ఒడ్డు

తర్వాత అంతా పరుగే. ఊళ్లో కొట్టం కొట్టంలో ముడులు ఊడుతున్న చప్పుడు. మనుషులు మరపడవలు ఎక్కుతున్నారు, పశువులు గల్లీల్లోంచి రేవు వైపు పోతున్నాయి. రాజవ్వను మాత్రం మరపడవ ఎక్కించడం ఎవరి వల్లా కాలేదు. చీర మీద నారింజ జాకెట్టు వేసుకుని మల్లేష్ నాటుపడవ ముందు కొసన కూర్చుంది. ఆమె వెనక దానియేలు, అతని వెనక నేను. నాకు ఈత రాదని అప్పుడు గుర్తొచ్చింది. అయినా అది చెప్పుకునే సమయం కాదు.

"దొర్సానీ... హో... దా బిడ్డా, దా!"

దొర్సాని రేవు మీద నిలబడి గంగను చూసింది. బర్రె ముఖంలో ఏ భావమూ ఉండదని పుస్తకాల్లో రాసినవాళ్లు ఆ పూట అక్కడ ఉండాల్సింది. ఒక అడుగు, రెండు, నాలుగు, ఇక అంతే: వీపు మునిగింది, ముక్కు ఒక్కటీ పైకి తేలింది, కొమ్ములు వెనక్కి వాలాయి. దాని వెనక మూడు వందల పశువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ దూకాయి. ఎర్రటి నీళ్ల మీద ఒక్కసారిగా కొమ్ముల అడవి మొలిచింది. ఆ బుసలు, ఆ ఎగచిమ్మే నీళ్లు! ఇప్పుడు రాస్తుంటే కూడా నా పెన్ను కాగితం మీద ఏటవాలుగా పోతోంది.

"కొండగట్టు అంజన్నా, దాటియ్యి, నడిసొస్త!" అని మల్లేష్ తెడ్డు వేస్తున్నాడు. దానియేలు కళ్లు మూసుకుని కీర్తన ఎత్తుకున్నాడు. నేను ఇద్దరి వెనకా ఉన్నాను కాబట్టి ఇద్దరికీ వంత పాడాను.

పాయ నడుమకు వచ్చాక పెద్ద మాను ఒకటి వేళ్లతో సహా కొట్టుకొచ్చింది. మంద రెండుగా చీలింది. మాను మాకూ దొర్సానికీ మధ్యనుంచి పోయింది. అది దాటాక చూస్తే నీళ్ల మీద దొర్సాని ముక్కు లేదు. రాజవ్వ పిలుపు ఆగిపోయింది. మంద ఈత కూడా నెమ్మదించింది. ముందున్న బర్రెలు తలలు అటూ ఇటూ తిప్పుతున్నాయి. ఒకటి రెండు వెనక్కి మళ్లుతున్నాయి. మళ్లితే అన్నీ మళ్లుతాయి. మళ్లితే అక్కడ ఇక ఊరు ఉండదు, నీళ్లే ఉంటాయి.

"పిలువు అవ్వా! పిలువు!" అని మల్లేష్ అరిచాడు.

ఆమె మాను పోయిన దిక్కే చూస్తోంది. అప్పుడు దానియేలు కళ్లు తెరిచాడు. కీర్తన పాడిన గొంతుతోనే, రాజవ్వ యాసలోనే, "దొర్సానీ... హో... దా బిడ్డా!" అని ఎత్తుకున్నాడు. మూడోసారి పిలిచాడో లేదో, ఇరవై గజాల దిగువన నీళ్లు పగిలి నల్లటి ముక్కు ఒకటి పైకి లేచింది. బుస్సుమంది. మా వైపు కూడా చూడకుండా ఒడ్డు పట్టి పోయింది. మంద దాని వెనక.

పడవలో నలుగురం ఏమరిచామో తెలియదు. ఒడ్డున కాచుకుని ఉన్న ఆదిలాబాద్ దిక్కు రైతు ఒకాయన తర్వాత నాతో అన్నాడు: "బర్లు మంచిగనే వచ్చినయి సార్, మీరే జర పరేషాన్ చేసిండ్రు."

రేవు ఎక్కిన దొర్సాని పది అడుగులు నడిచి బురదలో కూలబడింది. పొట్ట ఒకవైపు జారినట్టుంది. రాజవ్వ దాని తల దగ్గర కూర్చుని నన్ను చూసింది. నేను చొక్కా విప్పి, చేతికి సబ్బు రాసుకుని, బురదలో బోర్లా పడుకుని, చెయ్యి లోపలికి పెట్టాను. దూడ కాలు తగిలింది. గిట్ట చీలికలో గట్టిగా నొక్కాను. ఏమీ లేదు. మళ్లీ నొక్కాను. ఏమీ లేదు. మూడోసారి నొక్కితే ఆ కాలు నా చేతిలోంచి చటుక్కున వెనక్కి గుంజుకుంది.

నా సర్వీసులో నన్ను తన్నిన పశువులన్నింటిలో చిన్నది అదే. కడుపులోంచే తన్నింది.

"ఉన్నది అవ్వా!" అని అరిచాను. "ఉన్నది, బతికే ఉన్నది!"

"అరుస్తవేంది, సారూ. బెదురుతది," అంది రాజవ్వ. కొంగుతో దొర్సాని ముక్కు మీది బురద తుడిచింది.

దుడ్డె ఏ జిల్లాది?

మూడో అల్పపీడనం మేము ఆదిలాబాద్ ఒడ్డున బడి గదుల్లో ఉండగానే వచ్చింది. దాటిన మందలో ఏడు తక్కువైతే, ఆరు రెండు రోజుల్లో దిగువ ఊళ్లలో మక్క చేన్లలో దొరికాయి, బాగా బలిసి. ఒక్క ముసలి ఆవు దొరకలేదు. ఈసారి ఫారంలో గడి చాలకపోతే వెనక్కి తిప్పి రాశాను: 'నా అనుమతితో నదిలో దింపగా.' దాంతోపాటు జూలై ఫారం కూడా వెనక్కి తెప్పించి కోడె గడిలో 'గట్టిగా కట్టినందున ఈదలేక' అని దిద్దాను. పెద్దసారు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడట. మెమో ఇచ్చాడు. నేను జవాబిచ్చాను. ఆ జవాబులో ఆరో మెట్టు ప్రస్తావన లేదు.

పద్దెనిమిదో రోజు వానలోనే దొర్సాని ఈనింది. ఆడ దుడ్డె. రాజవ్వ దానికి గంగ అని పేరు పెట్టింది. దాని చెవికి నంబరు పోగు వేయాల్సి వచ్చినప్పుడు అసలు వరద మొదలైంది. పుట్టింది ఈ ఒడ్డున కాబట్టి మా జిల్లా పోగు వేయాలని అక్కడి డాక్టరు. కడుపున పడింది నడికుర్రులో కాబట్టి మా పోగని నేను. ఊరిని వరదలో అటూ ఇటూ తోసేసుకునే రెండు ఒడ్లూ మూడు రోజుల పసికందు కోసం కొట్లాడటం నాకు చాలా సంతోషంగా అనిపించింది. చివరికి దుడ్డె పోగును నమిలేసింది. మళ్లీ ఎవరూ అడగలేదు.

గంగ తీశాక

వరద గురించి అందరూ రాస్తారు. నీళ్లు తీశాకే డాక్టరుకు అసలు పని. తడిసి బూజు పట్టిన గడ్డి మేసి పారుకునేవి, బురదలో నిలబడి గిట్టలు పుండ్లు పడేవి, జ్వరాలు. దసరా దాకా నేనూ దానియేలూ నడికుర్రులోనే ఉన్నట్టు లెక్క. గోడల మీద నడుమెత్తున మట్టి గీత. పసుపు చేన్లు పోయాయి. సర్పంచ్ ఆ చేను గట్టున నిలబడి, "ఆ పదకొండు బర్లు తిన్నా బాగుండు, సార్" అన్నాడు. మా పూర్వీకుల ప్రస్తావన మాత్రం ఉపసంహరించుకోలేదు.

"మళ్లీ ఈడికే ఎందుకు వస్తరు, అవ్వా?" అని అడిగాను. రాజవ్వ చేనులో వంగి ఇంత ఒండ్రు తీసి నా చేతిలో పెట్టింది. వెన్నలా ఉంది. "గంగ ఉత్త చేతులతోని వస్తదా?" అంది.

ముంపు ఊళ్లలో వానాకాలం జారుముడులే వేయించాలని ఆ చలికాలం పైకి రాశాను. 'జారుముడి అనగానేమి' అని వివరణ అడిగారు. ముడి వేసిన తాడు ముక్క ఒకటి కవరులో పెట్టి పంపాను. రెండు నెలలకు తిరిగొచ్చింది, ముడి లేకుండా. ఎవరో ఒక్కసారి గుంజి చూసినట్టున్నారు. తర్వాతి మిర్గానికి ఆదేశం వచ్చింది. నైలాన్ తాళ్లు మాత్రం రాలేదు.

పిల్లలు అడిగే ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇంతే. కొత్త ఊరికి పోతే సిరంజి తీయకముందు కొట్టం చూడండి. అక్కడి ముడి మీకు నవ్వు తెప్పిస్తే, నవ్వకుండా ఎందుకని అడగండి. తెలియనిది తెలియదని చెప్పండి. నాకు అది రావడానికి ముప్పై ఏళ్లు, ఒక కోడె పట్టాయి.

నా రిటైర్మెంటు జూన్ చివర. ఆఖరి టీకాల క్యాంపు కావాలనే మిర్గం నాడు నడికుర్రులో పెట్టుకున్నాను. మల్లేష్ దాటించాడు. దానియేలు రెండేళ్ల ముందే రిటైరైనా, పాత సంచి తగిలించుకుని వచ్చాడు. దొర్సాని ముసలిదైంది. ఇప్పుడు మందకు ముందు నడిచేది గంగ.

రాజవ్వ గంగను తీసుకొచ్చి, తాడు నా చేతికిచ్చి, "కట్టు" అంది.

గుంజకు రెండు చుట్లు తిప్పి, కొస మడిచి, లోపలికి దూర్చి బిగించాను. గంగ ఒకసారి మెడ విసిరింది. ముడి ఆగింది. రాజవ్వ వంగి, కొస పట్టుకుని, చిటికెన వేలితో గుంజింది. ఊడింది. ఆమె మళ్లీ కట్టలేదు. తాడును నా ముందే పెట్టింది. మళ్లీ కట్టాను. మళ్లీ గుంజింది. మూడోసారి కూడా ఊడాక నడుము పట్టుకుని లేచింది.

"ఇగ పో, సారూ," అంది. "ఇగ నువ్వు లేకున్నా నడుస్తది."